పాతాలన్నీ తీసి పారెయ్

కలకత్తా వాట్‌గంజ్‌లో ఆ లైను ఇళ్ళలోకి ఎవరైనా కొత్తగా అద్దెకి దిగితే ముందు చెప్పే మాట ఒకటుంది. కుళాయి దగ్గర అమ్మన్నమ్మ బిందెకి ముందు నీ బిందె పెట్టకు అని. పెట్టినవాళ్ళ బిందెలకి సొట్టలు పడ్డాయి. ఒకావిడకి ముక్కే సొట్ట పడింది. కాకపోతే ముందు జుట్టు పట్టుకున్నది ఆవిడేనని చూసినవాళ్ళందరూ ఒప్పుకున్నారు గనక ఆ గొడవ అక్కడితో చల్లారింది.

అమ్మన్నమ్మకి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి. చేతులు మాత్రం ఓడల డాకులో మూటలు మోసిన మొగుడి చేతులకంటే లావు. పదిహేడో యేట సోంపేట దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి ఈ గదిలోకొచ్చింది. ఈ ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆమె తెలుగులోకి బెంగాలీ ఎంతగా దూరిపోయిందంటే, ఊరినుంచి వచ్చిన చుట్టాలు రెండో రోజుకల్లా ఏమీ అర్థంకాక ఊరికే తలూపడం మొదలెడతారు. ఆకుని ఆకు అనడం ఆమె ఎప్పుడో మానేసింది. బెంగాలీవాళ్ళలాగే పాతా అంటుంది. ఒకటైతే పాతా, నాలుగైతే పాతాలు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. దీనివల్లే ఒక పిల్ల తల పగిలింది.

ఇంత కోపిష్టి మనిషికీ వాడిపోయిన కొమ్మ కనిపిస్తే మాత్రం గొంతు తగ్గిపోతుంది. వారానికి మూడు రోజులు రెండు బస్సులు మారి న్యూ టౌన్ వెళ్ళి, అపార్టుమెంట్ల బాల్కనీల్లో మొక్కలు చూసే పని చేస్తుంది. అక్కడివాళ్ళు కత్తిరించి పారేసిన కొమ్మల్ని చెంగులో కట్టుకొస్తుంది. బస్సు ఉక్కకి అవి మెడలు వాల్చేస్తాయి. ఇంటికి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా వాటిని తడి గమ్చా తువ్వాలులో చుట్టి, మంచం కింద చీకట్లో పడుకోబెడుతుంది. కాస్త తేరుకున్నాక కణుపుకి కిందుగా ఏటవాలుగా కోసి, ఆకులన్నీ తుంచేసి, కొసన రెంటిని ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరిస్తుంది. వేరు లేని కొమ్మకి ఆకులే శత్రువులు, ఉన్న కాస్త తడినీ అవే తాగేస్తాయి. డాల్డా డబ్బాలో గంగ ఇసుక, పైన చీర కొన్నప్పుడొచ్చిన ప్లాస్టిక్ కవరు, ఎండ పడని ఉత్తరపు కిటికీ. ఎరువు వద్దు. వేరొచ్చిందా అని రోజూ పీకి చూడొద్దు. పీకి చూస్తే చెయ్యి విరుగుతుందని లైనులో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

బతికుందో లేదో అనుమానమొస్తే బొటనవేలి గోటితో బెరడు కొంచెం గీరుతుంది. కింద పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఒక్క ఆకూ లేకుండా ఎండుపుల్లలా నిలబడ్డ కొమ్మని కూడా నెలా రెండు నెలలు పారెయ్యదు.

ఆ కిటికీ పక్కనే మేకుకి ఒక ఇనప కొక్కెం వేలాడుతూ ఉంటుంది. మూటల్లోకి గుచ్చి లాగడానికి డాకు కూలీలు వాడే కొక్కెం అది. మూడేళ్ళ కిందట పోయిన మొగుడు గురువులుది. గురువులు చాలా మంచివాడని లైనంతా అంటుంది. లైనులో మగవాళ్ళందరూ మంచివాళ్ళే, తలుపులు వేసుకున్నాకే తేడా వస్తుంది. అతను తల్లి కోసం పెళ్ళాన్ని కొట్టేవాడు. తల్లి గడపలో కూచుని చింతపండు పిక్కలు తీస్తూ, "రెండెయ్యరా, నా మాటకి ఇలువుండాలి గదా" అనేది. అతను వేసేవాడు. వేశాక తల్లి దగ్గరికెళ్ళి, "నీ కోసవే కొట్టినానమ్మా" అని చెప్పుకునేవాడు.

అమ్మన్నమ్మకి ఏడో నెల నడుస్తుండగా, చారులో ఉప్పెక్కువైందని తల్లి మొహం చిట్లించింది. గురువులు కాలితో తన్నాడు. ఆ రాత్రంతా రక్తం పోయి, తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. తల్లీ కొడుకులు దాన్ని పాత పంచెముక్కలో చుట్టి కుళాయి వెనక గోడవారన పాతిపెట్టారు. మూడో రోజున అమ్మన్నమ్మ గోడ పట్టుకుని లేచి, పక్కింటివాళ్ళనడిగి ఒక మల్లెకొమ్మ తెచ్చి ఆ మట్టిలో గుచ్చింది. ఎలా నాటాలో అప్పటికి తెలీదు. ఆకులతో సహా గుచ్చింది. నాలుగు రోజుల్లో ఆకులన్నీ రాలిపోయాయి. నలభై రోజులు ఎండుపుల్లకి నీళ్ళు పోసింది. అత్త చూసి నవ్వేది. నలభై ఒకటో రోజున కణుపు దగ్గర ఆవగింజంత పచ్చటిది కనిపించింది.

ఆ తర్వాత గురువులు మళ్ళీ చెయ్యెత్తింది ఒక్కసారే. ఆమె మేకు మీది కొక్కెం తీసి అతని తొడలోకి దించింది. దించి ఊరుకోలేదు, మూటని లాగినట్టు లాగింది. ఆసుపత్రిలో అతను కొక్కెం జారిందని చెప్పాడు. డాకులో కొక్కేలు జారుతూనే ఉంటాయి గనక డాక్టరు ఇంకేమీ అడగలేదు. చచ్చేదాకా కుంటాడు, మళ్ళీ చెయ్యెత్తలేదు. అత్త ఇంకో పదకొండేళ్ళు బతికింది గానీ ఎవరినీ ఎవరి మీదకీ ఉసిగొల్పలేదు.

రమణబాబు ఆ ఆడపిల్ల పోయిన ఆరేళ్ళకి పుట్టాడు. ఒక్కడే. ఇక్కడే అమ్మన్నమ్మ ఓడిపోయింది. లైనులో సగం వీపులు చూసిన చెయ్యి కొడుకు వీపు మీద ఒక్కసారి కూడా పడలేదు. పక్కపిల్లల తలకాయలు పగలగొట్టి వచ్చినా అన్నం కలిపి పెట్టింది. వాడు పెద్దవాడై డాకులో లోడింగు పనికి కుదిరాడు, తాగుడు నేర్చాడు. పోయినేడు మందస దగ్గర నుంచి రోజా అనే పిల్లని చేసుకొచ్చాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల, బెంగాలీలో ఒక్క ముక్క రాదు. వచ్చిన రెండో నెలలో తడిక అవతల చెంపదెబ్బ చప్పుడు అమ్మన్నమ్మ వింది. విని, బిందె తీసుకుని కుళాయి దగ్గరికెళ్ళి ఇంకెవరితోనో గొడవ పెట్టుకుంది. రెండోసారి విన్నప్పుడు కూడా అంతే చేసింది. ఈ సంగతి తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ అన్నం సహించదు.

ఇక మల్లె సంగతి. గోడంతా అల్లుకుని మొదలు మణికట్టంత లావైన ఆ మల్లెని ఈ జ్యేష్ఠంలో రమణబాబు నరికేశాడు. రాత్రి తాగింది దిగక, పొద్దున్నే కుళాయి దగ్గర పక్కింటి రేబెకా బకెట్టుని తన్నాడు. రేబెకా ఆసుపత్రిలో ఆయా. డ్యూటీకి వెళ్తూ నీళ్ళు పట్టుకుంటోంది. అమ్మన్నమ్మ అందరి ముందూ కొడుకుని మొదటిసారి తిట్టింది. వాడు లోపలికెళ్ళి కత్తి తెచ్చి మల్లె మొదట్లో నాలుగు దెబ్బలేశాడు. అంతటితో కసి తీరక గడ్డపార తెచ్చి మోడుని వేళ్ళతో సహా పెకలించాడు.

"తవ్వకురా. అక్కడ తవ్వకు" అంది అమ్మన్నమ్మ.

తల్లి బతిమాలడం వాడు అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆ ముచ్చటకి ఇంకో మూరెడు తవ్వాడు. ఆ మట్టిలో ఏం పెట్టారో వాడికి తెలీదు, ఆమె చెప్పలేదు. ముప్ఫై ఏడేళ్ళకి అక్కడ ఏమీ మిగలదు కూడా. అయినా వాడు వెళ్ళాక ఆమె మోకాళ్ళ మీద కూచుని మట్టంతా వేళ్ళతో వెతికి, మళ్ళీ పూడ్చింది. అప్పటికి కొమ్మలన్నీ ఎండకి వాడి వేలాడుతున్నాయి. అందులో పనికొచ్చేవి పదకొండు దొరికాయి. నెల తిరిగేసరికి ఆ పదకొండూ ఆకులు రాల్చేసి, డబ్బాలో గోధుమరంగు పుల్లల్లా నిలబడ్డాయి. రోజూ గోరు తీసుకెళ్ళి గీరబోయి, మళ్ళీ వెనక్కి తీసుకునేది.

రోజాకి అప్పటికి నాలుగో నెల.

ఆషాఢంలో ఒక గురువారం పొద్దున రేకుల మీద వాన దంచుతోంది. కిటికీలో రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో మల్లెపుల్లలు. రెండోదాంట్లో ముందురోజు సాయంత్రం న్యూ టౌన్ నుంచి తెచ్చిన మందారం కొమ్మలు, ఆకులు తుంచే తీరిక లేక అలాగే గుచ్చినవి. బస్సుకి ఆలస్యమవుతోంది. అమ్మన్నమ్మ గొడుగు విప్పుతూ గుమ్మంలోంచి కేకేసింది.

"పిల్లా, డబ్బాలో పాతాలన్నీ తీసి పారెయ్యే. లేకపోతే బతకవు."

వాన చప్పుడులో రోజా చెవికి అది మన తెలుగులాగే వినపడింది. పాతయన్నీ తీసి పారెయ్, లేకపోతే కొత్తయి బతకవు. వెళ్ళి చూసింది. ఒక డబ్బాలో పచ్చగా కొత్తవి, ఒక డబ్బాలో ఎండినవి, పాతవి. అనుమానించడానికేముంది? పదకొండు పుల్లలూ లాగి, వీధి చివర చెత్త వేసే సిమెంటు తొట్టిలో, లైనువాళ్ళు భ్యాట్ అంటారు, అందులో పారేసి వచ్చింది. ఇసుక గుమ్మం పక్కన పారబోసి డబ్బా కడిగి బోర్లించింది. అత్త మెచ్చుకుంటుందనుకుంది.

మధ్యాహ్నం రమణబాబు అన్నానికొచ్చాడు. తాగి లేడు. ఇది కూడా రాయాలి, లేకపోతే అంతా సారా మీదకి నెట్టేస్తారు. బోర్లించిన డబ్బా చూశాడు.

"అమ్మ మల్లెపుల్లలేవే?"

"పారేసినాను. అత్తే పారెయ్మంది."

తను నరికిన మల్లె కోసం, తను పెకలించిన వేళ్ళ కోసం వాడికి అంత కోపమెలా వచ్చిందని అడక్కండి. కొట్టేవాడికి ఒక పేరు కావాలి, ఆ రోజు అమ్మ పేరు దొరికింది. డబ్బా అంచుతో తల మీద కొట్టాడు. రెండో దెబ్బకి చర్మం చీలి రక్తం కళ్ళలోకి దిగింది. జుట్టు పట్టి నేల మీదకి ఈడ్చాడు. కాలెత్తినప్పుడు రోజా దొర్లి, కడుపుని గోడకి ఆనించి వీపు వాడికిచ్చింది. ఎన్ని తన్నులో ఆ పిల్ల లెక్కపెట్టలేదు. చేతులు రెండూ కడుపు మీదే ఉంచుకుంది. రేబెకా రోకలితో తలుపు బాదుతుంటే తీశాడు. తీసి, కడుక్కుని, అన్నానికి కూచున్నాడు. రేబెకా రోజాని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

అమ్మన్నమ్మ నాలుగింటికి వచ్చింది. గుమ్మంలోనే కాలికి ఏదో జిగటగా తగిలింది. ఇసుకలో కలిసిన రక్తం. గోడవారన చెయ్యి జారిన గుర్తులున్నాయి. రమణబాబు మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"నీ మల్లెపుల్లలు పారేసింది. నీ కోసవే కొట్టినానమ్మా" అన్నాడు.

ముప్ఫై ఏడేళ్ళ కిందటి మాట, అక్షరం తేడా లేదు. ఈసారి గడపలో చింతపండు పెట్టుకుని కూచున్న ముసలిది తనే.

"ఏల పారేసిందట?" అని అడిగింది.

"పాతయన్నీ తీసి పారెయ్మని నువ్వే సెప్పినావంట. పైగా అబద్ధాలు."

అమ్మన్నమ్మకి పొద్దున తనన్న మాట చెవిలో మళ్ళీ వినపడింది. ఒక్క నిమిషం కిటికీ వైపు చూసింది. చెయ్యి మేకు దగ్గరికి దానంతటదే వెళ్ళింది.

మొదటి దెబ్బకి వాడు అడ్డం పెట్టిన అరచేతిలో కొక్కెం దిగి రెండో వైపు తేలింది. వాడి అరుపుకి కుళాయి దగ్గర బిందెలు ఆగాయి. ఆమె లాగింది. లాగి, కొక్కెం కాడతో భుజం మీద, వీపు మీద, మోకాళ్ళ మీద కొట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కొట్టనివన్నీ కొట్టింది. ఏడుస్తూ కొట్టింది.

"అమ్మా, నీ కోసవే గదే" అన్నాడు వాడు, చెయ్యి పొట్టలోకి పెట్టుకుని.

"నానూ నీ కోసవే కొట్టినాన్రా."

వాడు రెండో చెయ్యెత్తాడు. తల్చుకుంటే ఆమెని చంపగల చెయ్యి.

"ఎత్తు" అంది అమ్మన్నమ్మ. "మీ అయ్య కుంటికాలు గుర్తుందేటి? కొక్కెం జారిందని సెప్పీవోడు గదా. ఎవరు జార్సినారో ఇప్పుడు తెలిసిందా? ఈ గది నా పేరునుంది. ఎల్లిపో."

ఎత్తిన చెయ్యి వాడు దించాడు. రక్తం కారుతున్న చేతికి గమ్చా చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో రోజా తలకి ఏడు కుట్లు పడ్డాయి. బిడ్డ గుండె కొట్టుకుంటోందని రేబెకా చెప్పింది. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే రోజా, "మెట్లు" అని చేత్తో చూపించింది. అమ్మన్నమ్మ అప్పుడే లోపలికొచ్చింది. చీరంతా నెత్తురు, వాన.

"ఆమార్ ఛేలే మేరేఛే" అంది డాక్టరుతో. నా కొడుకే కొట్టాడని. "లిఖున్" అంది, రాసుకోమని. అతను రాసేదాకా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు.

తర్వాత మంచం అంచున కూచుంది.

"పాతా అంటే పాతది కాదే పిల్లా. పాతా అంటే ఆకు. మందారానికి ఆకులు తుంచమన్నాను."

రోజా వాచిన పెదవులతో, "ఆకుని ఆకనలేవేటి అత్తా?" అంది.

"తప్పు నాదే" అంది అమ్మన్నమ్మ. ఆమె నోటినుంచి ఆ మాట లైనులో ఎవరూ వినలేదు, రేబెకా ఒక్కర్తే సాక్షి. "తడికవతల రెండుసార్లు ఇన్నాను. ఇని ఊరుకున్నాను. అదీ నాదే."

ఆ రాత్రి మంచం పక్కన నేల మీద కూచుని, మల్లె కింద ఎవరున్నారో చెప్పింది. గురువులుకీ అత్తకీ తప్ప ఇంకెవరికీ తెలియని సంగతది. రోజా చెయ్యి కిందకి జార్చి అత్త చెయ్యి పట్టుకుంది.

తెల్లారకముందే, చెత్తలారీ రాకముందే, అమ్మన్నమ్మ భ్యాట్ దగ్గరికెళ్ళింది. చేతిలో అదే కొక్కెం. కుళ్ళిన కూరల్నీ చేప పొలుసుల్నీ కొక్కెంతో కెలికింది. ఒక కుక్క మీదకొస్తే దానికీ ఒకటి తగిలింది. ఏడు పుల్లలు దొరికాయి. నాలుగు దొరకలేదు. కుళాయి కింద కడిగి, మెట్టు మీద పరిచి, ఇన్నాళ్ళూ ధైర్యం చాలని పని అప్పుడు చేసింది. ఒక్కొక్కదాన్నీ గోటితో గీరింది. మొదటిది గోధుమరంగు. రెండోది అంతే. ఐదోదానికి పచ్చటి గీత పడింది. ఏడోదానికీ పడింది. తక్కినవి పారేసి, ఆ రెంటినీ తడి గమ్చాలో చుట్టి మంచం కింద పెట్టింది.

రోజా ఇంటికొచ్చాక డబ్బా పని ఆ పిల్లకే అప్పజెప్పింది. పొద్దున కవరు ఎత్తి గాలి తగలనివ్వడం, చేత్తో నీళ్ళు చిలకరించడం, మళ్ళీ కప్పడం. రోజా రెండు రోజులకోసారి పుల్ల మీద చెయ్యేసేది, "పీకకు" అని వెనకనుంచి వినపడగానే తీసేసేది. పోలీసులు ఒకసారొచ్చి అడిగి వెళ్ళారు. రమణబాబు మెటియాబ్రుజ్‌లో ఎవరో స్నేహితుడి దగ్గరున్నాడని, చేతికి కొక్కెం జారిందని అందరికీ చెప్తున్నాడని తెలిసింది.

ఇరవై మూడో రోజు సాయంత్రం వాడు గుమ్మంలో నిలబడ్డాడు. చేతికి మాసిన కట్టు. గడ్డం పెరిగి, బుగ్గలు లోపలికిపోయాయి. తల్లి మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు తలకాయలు పగలగొట్టి వచ్చి అలాగే నిలబడేవాడు. అప్పుడు ఏం దొరికేదో వాడికి గుర్తే.

కన్నతల్లి పేగు ఎంత సిగ్గులేనిదో అమ్మన్నమ్మకి అప్పుడు తెలిసింది. తిన్నావేట్రా అన్న మాట నాలుక చివరికొచ్చేసింది. నోరు తెరిచింది కూడా. వాడు చూశాడు. ఒక కాలు గడప లోపల పెట్టాడు.

రోజా లేచింది. తల మీద కుట్ల చోట జుట్టింకా రాలేదు, కడుపు కనిపిస్తోంది. మంచం కిందనుంచి ఒక సంచీ లాక్కొచ్చింది. వాడి చొక్కాలు, లుంగీలు, గడ్డం గీసుకునే డబ్బా, ఆ రోజు వదిలేసి వెళ్ళిన చెప్పులు, అన్నీ ఎప్పుడు సర్దిందో సర్దింది. దాన్ని వాడి కాలి ముందు పెట్టి, గడప అవతలికి తోసింది.

"పాతయన్నీ తీసి పారెయ్మంది అత్త. ఈపాలి సరిగ్గానే ఇన్నాను."

రమణబాబు తల్లి వైపు చూశాడు. ఆమె అనాల్సిన మాట ఒకటుంది, వాడికి కావాల్సింది. అమ్మన్నమ్మ నోరు మూసుకుంది. లేచి, వాడి కాలు వెనక్కి వెళ్ళేదాకా ఆగి, తలుపేసి గడియ పెట్టింది. తలుపుకి వీపు ఆనించి కూచుని, లైనంతా వినేలా ఏడ్చింది.

రోజా కిటికీ దగ్గరికెళ్ళి డబ్బా మీది కవరు ఎత్తింది. ఏడో పుల్లకి కణుపు దగ్గర రెండు ఆకులు విప్పుకుని నాలుగు రోజులైంది. ఆ పిల్ల చేత్తో నీళ్ళు చిలకరించి మళ్ళీ కవరు కప్పింది.